అత్త మళ్ళీ పాడతానంటా ఉండాది, జిక్కి గారి పాటకి శృతి ఎంత పెట్టాలబ్బా?

కావలి_కుర్రోడు
అందరికీ నమస్కారం. మా మేనత్త ఒకప్పుడు పాటకచేరీల్లో పాడేది, కావలి, కందుకూరు, ఆత్మకూరు, ఉదయగిరి, యాడ తిరునాళ్ళ జరిగినా స్టేజి మీద ఆమె ఉండాల్సిందే. పెళ్ళయినాక కూడా కొన్నాళ్ళు పాడింది, ఆ తర్వాత మామకి ట్రాన్స్‌ఫర్లు, పిల్లోళ్ళ చదువులు, ఇంట్లో పెద్దోళ్ళు ఇంకేం పాటలు అనడం, అట్టా ఆగిపొయ్యింది. పాతికేళ్ళ పైమాటే. ఇప్పుడు శ్రీరామనవమికి మా వీధి పందిట్లో పాడతానని తనంతట తనే అడిగింది. కమిటీ వాళ్ళు సరే అన్నారు. చిక్కేందంటే ఆమె పాడతాననేది సువర్ణసుందరి సినిమాలో జిక్కి గారు పాడిన హాయి హాయిగా ఆమని సాగె, అది కూడా ఒరిజినల్ శృతిలోనేనంట. మా అమ్మకేమో భయం, నలుగురిలో గొంతు పగిల్తే ఎట్టా అని. కీబోర్డు వాళ్ళు, సంగీతం తెలిసినోళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండి.

ట్రంకురోడ్డు కీబోర్డు
తమ్ముడూ, అత్తగారికి ఆ పాట మీద అంత ధైర్యం ఉందంటే ముందు ఆవిడకి ఒక దణ్ణం. అది ఒక రాగంలో ఉండే పాట కాదు, సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్, నాలుగు రాగాలు వరసగా మారతాయి, సంగీతం కట్టిన ఆదినారాయణరావు గారు అదే బాణీని హిందీ సువర్ణసుందరిలో లతా, రఫీలతో పాడించారు. ఒక్కో చరణానికి ఒక్కో రాగం పట్టుకోవాలి, పట్టు జారితే మళ్ళీ దొరకదు. పైగా డ్యూయెట్. ఘంటసాల గారి వంతు ఎవరు పాడతారు? ఆ సంగతి రాయలేదు నువ్వు. శృతి తగ్గించడం నాకు ట్రాన్స్‌పోజ్ బటన్ మీద వేలు పెట్టినంత సేపే పని, కానీ అత్త కోసం మూడు మెట్లు తగ్గిస్తే మగ గొంతు కూడా మూడు మెట్లు తగ్గుద్ది, అడుగున ఉండే సంగతులు, అంటే కింది స్వరాల్లో పాట తిప్పే చోట్లు, ఆయనకి గాలిలాగా వస్తాయి తప్ప పాటలాగా రావు. డ్యూయెట్‌లో ఒకరికి సుఖం ఇంకొకరికి కష్టం. మగ గొంతు దొరికినాక మాట్లాడుకుందాం.

పొగతోట_పిల్ల
అన్నా తప్పుగా అనుకోవద్దు, జిక్కి గారు అంటే ఎవరు? మా ఇంట్లో సుశీలమ్మ, జానకమ్మ పేర్లు వింటాం కానీ ఈ పేరు ఎప్పుడూ వినలేదు.

దొడ్డవరం మాస్టారు
అమ్మాయీ, పేరు వినకపోయినా గొంతు విన్నావు. మీ వాళ్ళ పెళ్ళిళ్ళలో తలంబ్రాల టైముకి వీడియోగ్రాఫర్ వేసే అలనాటి రామచంద్రుడు పాట ఉంది చూడు, 2001లో వచ్చిన మురారి సినిమాది, అందులో ఉన్నది జిక్కి గారే.

పొగతోట_పిల్ల
అది సునీత గారు కదా మాస్టారూ??

దొడ్డవరం మాస్టారు
సునీత, సంధ్య, జిక్కి, ముగ్గురూ పాడారు. ఆ ముగ్గురిలో పెద్దావిడ గొంతే జిక్కి గారిది. ఇప్పుడు ఇంకోటి చెప్తా విను. 1955లో రోజులు మారాయిలో ఏరువాకా సాగారో పాడింది కూడా ఈవిడే. కొసరాజు గారి పాట, మాస్టర్ వేణు సంగీతం, తెరమీద వహీదా రెహమాన్ ఆడింది. ఆ పాటకీ ఈ పాటకీ మధ్య 46 ఏళ్ళు. చంద్రగిరిలో 1935లో పుట్టింది, అసలు పేరు పి.జి. కృష్ణవేణి, 1943లో పంతులమ్మ సినిమాకి పాడేటప్పటికి ఇంకా పావడా కట్టే వయసే. యాభైల్లో తెలుగూ తమిళమూ రెండిట్లోనూ తీరిక లేకుండా పాడింది, గాయకుడు ఏ.ఎం. రాజా గారిని పెళ్ళి చేసుకుంది. అరవైల్లోకి వచ్చేసరికి సుశీల గారు, జానకి గారు నిలదొక్కుకున్నారు, ఈవిడకి పిలుపులు తగ్గిపోయాయి. మానేశాను అని ఆవిడ ఎక్కడా ప్రకటించలేదు, పిలవడం మానేశారు, అంతే. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఉలవపాడు_సపోటా
నేను కొంచెం ఎదురు మాట్లాడతా ఎవరూ ఏమీ అనుకోమాకండి. టీవీల్లో పాత గాయకుల్ని తీసుకొచ్చి పాడిస్తారు, గొంతు వణుకుతా ఉంటుంది, శృతి అందదు, జడ్జీలు లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంటారు. అది వినడం కాదబ్బా, జాలి. పాతరోజుల మీద ప్రేమని ఆ మనిషి మీద రుద్దడం. ఆమె బాగా పాడిన పాటలు రికార్డుల్లో ఉండాయిగా, అవి వింటే సరిపోయే. నీ అత్త సంగతి వేరే కావచ్చు, నేను ఆమె పాట వినలా. కానీ మీరు చప్పట్లు కొట్టడానికి ముందే రెడీ అయిపోయి కూర్చుంటే ఆమె ఎట్టా పాడిందో ఆమెకి నిజం చెప్పేవాడెవడు?

చెవిముక్కు డాక్టర్
సపోటా గారు చెప్పిందాంట్లో నిజం ఉంది కానీ వణుకు ఎందుకొస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. నేను నెల్లూరులో ఈఎన్‌టీ ప్రాక్టీసు చేస్తున్నాను, టీచర్లు, పాస్టర్లు, హరికథ వాళ్ళు వస్తుంటారు. వోకల్ కార్డ్స్ అంటే గొంతులో శబ్దం పుట్టించే రెండు మడతలు, ఒక్కోటీ ఒక కండ, దానిమీద మెత్తటి పల్చటి పొర. ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడు అవి సెకనుకి ఇంచుమించు రెండొందల సార్లు కొట్టుకుంటాయి. వయసుతో ఆ కండ పల్చబడుతుంది, రెండు కార్డ్స్ పూర్తిగా కలవవు, మధ్యలోంచి గాలి పోతుంది, అందుకే గొంతు గాలిగాలిగా ఉంటుంది, ఊపిరి తొందరగా అయిపోతుంది. నెలసరి ఆగిపోయాక ఆ పొర కాస్త మందమై గొంతు కిందికి దిగుతుంది. కాబట్టి పాతికేళ్ళ కిందటి శృతి ఇప్పుడు ఆవిడది కాదు. పట్టుబట్టి అదే శృతిలో పాడితే మెడ కండరాలు బిగపట్టి పాడాలి, వణుకు అక్కడ మొదలవుతుంది. వాడని కండ ఏదైనా నెమ్మదిగా దారికొస్తుంది, ఇదీ అంతే.

చెయ్యాల్సింది ఏమంటే, గ్లాసులో రెండంగుళాలు నీళ్ళు పోసి స్ట్రా ముంచి, నీళ్ళలోకి బుడగలు వచ్చేలా 'ఊ' అంటూ శృతి కిందినుంచి పైకి, పైనుంచి కిందికి పోవాలి. పూటకి అయిదు నిమిషాలు. పెదాల దగ్గర గాలికి అడ్డం ఉంటే కార్డ్స్ మీద దెబ్బ తక్కువ పడుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానెయ్యాలి. రాత్రి భోజనం చేసి వెంటనే పడుకోకూడదు, పుల్లటి నీళ్ళు పైకి తన్ని పొద్దునకి గొంతు బొంగురుపోతుంది. గుసగుసగా మాట్లాడితే గొంతుకి రెస్ట్ అనుకుంటారు, అది ఇంకా కష్టం. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఎక్కడైనా సరే ఒకసారి కెమెరా పెట్టి చూపించుకోండి.

ట్రంకురోడ్డు కీబోర్డు
డాక్టర్ గారూ ఆపరేషన్ సంగతి కూడా చెప్పండి, మా ట్రూప్‌లో ఒకామెకి నాడ్యూల్స్, అదే వోకల్ కార్డ్స్ మీద చిన్న కాయల్లాంటివి, అన్నారు, భయపడి పాటే మానేసింది.

చెవిముక్కు డాక్టర్
నాడ్యూల్స్‌కి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, వాడకం మార్చుకుంటే, స్పీచ్ థెరపీతో తగ్గుతాయి. ఆపరేషన్ రెండు రకాలుగానూ జరిగింది లోకంలో. ఇంగ్లీషు గాయని అడెల్ 2011 నవంబరులో బోస్టన్‌లో చేయించుకుని 2012 ఫిబ్రవరిలో గ్రామీ స్టేజి మీద పాడింది, అదే రాత్రి ఆరు అవార్డులు తీసుకుంది. హాలీవుడ్ నటి, గాయని జూలీ ఆండ్రూస్ 1997లో చేయించుకున్నాక ఆవిడ పాట మళ్ళీ మునుపటిలా రాలేదు. అందుకని చూడకుండా ఎవరూ భయపడనూ వద్దు, తొందరపడనూ వద్దు.

మూలాపేట మురళి
మన బాలు గారు కూడా గొంతుకి ఆపరేషన్ చేయించుకున్నారు గదా, ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ తర్వాత కూడా ఎన్ని పాడారో లెక్కే లేదు.

దొడ్డవరం మాస్టారు
నెల్లూరు వాళ్ళు బాలు గారి పేరు ఎప్పుడెత్తుతారా అని చూస్తున్నా 😄

మూలాపేట మురళి
ఎత్తకుండా ఎట్టా మాస్టారూ, తిప్పరాజువారి వీధిలో ఉన్న ఇల్లు 2020లో వేదపాఠశాలకని కంచి మఠానికి ఇచ్చేసి, అదే ఏడు సెప్టెంబరులో ఆయన పొయ్యారు. ఆ వీధిలోంచి పొయ్యేటప్పుడు ఇప్పటికీ ఓసారి అటు చూస్తాం. ఇంకో మాట, పాటకచేరీ అంటే చిన్నచూపు చూసేవాళ్ళకి చెప్పండి, బాలు గారి ట్రూప్‌లో హార్మోనియం, గిటారు వాయించిన వాడు ఇళయరాజా. సినిమాల్లోకి వచ్చినాక కూడా స్టేజి వదల్లేదు వాళ్ళు.

దొడ్డవరం మాస్టారు
సరే అయితే మా వంతు. భానుమతమ్మ మా దొడ్డవరంలో పుట్టింది, ఒంగోలు పక్కనే. 1943లో రామకృష్ణ గారిని పెళ్ళి చేసుకుని ఇంక సినిమాలు వద్దు, ఇల్లు చాలు అనుకుంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు వదల్లేదు, 1945లో స్వర్గసీమ వచ్చింది, ఓహో పావురమా ఊరూరా మోగిపోయింది. ఆ ఒక్క పాట పాడకపోయి ఉంటే తర్వాత మల్లీశ్వరీ లేదు, విప్రనారాయణా లేదు. తిరిగి రావడం అంటే ఇదీ.

ఉలవపాడు_సపోటా
మాస్టారూ రెండేళ్ళు గ్యాప్ కూడా గ్యాపేనా? ఇరవై నిండకముందే మానేసి ఇరవై దగ్గర్లోనే తిరిగొచ్చింది. ఇది లెక్కలోకి రాదు.

దొడ్డవరం మాస్టారు
ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడమనిషి గడప దాటి స్టూడియోకి తిరిగి పోవడం ఏళ్ళతో కొలిచేది కాదయ్యా. మొగుడు సరేనంటే తప్ప ఆ పాట లేదు. భానుమతి కనక ఆ తర్వాత ఎవరి మాటా వినకుండా తన పాట తనే పాడుకుంటానని చివరిదాకా నిలబడింది.

రజని_ఆర్కెస్ట్రా
ఇంతసేపు చదివి ఇప్పుడు రాస్తున్నా. నేను కూడా తొంభైల్లో ఒంగోలు, కనిగిరి, పొదిలి వైపు స్టేజిల మీద పాడినదాన్నే, పేరు అక్కర్లేదు. ఇందాక కావలి తమ్ముడు "ఇంట్లో పెద్దోళ్ళు వద్దన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు, అందరూ అట్లాగే తేలుస్తారు. అసలు సంగతి ఏంటంటే ప్రోగ్రాం మొదలయ్యేదే రాత్రి పదికి, అప్పట్లో పదింటికి మైకు ఆపాలనే రూలు లేదు, తెల్లారుజామున మూడింటికి అయ్యేది, మెటడోర్‌లో డ్రమ్ముల మధ్య కూర్చుని ఇంటికి రావాలి. స్టేజి మీదికి చీటీలు వస్తాయి, ఫలానా పాట పాడు అని, ఒక్కోసారి చీటీలో పాట పేరు ఉండదు వేరే రాతలు ఉంటాయి, అది చదివి మొహం మార్చకుండా మడిచి పక్కన పెట్టి నవ్వుతా తర్వాతి పాట ఎత్తుకోవాలి. యాభై నోటు తెచ్చి చేతికి ఇవ్వకుండా జాకెట్‌కి పిన్ను పెడతానంటాడు ఒకడు. ఇంటికొచ్చాక ఇవన్నీ చెప్తే మానెయ్యమంటారు, చెప్పకపోతే లోపల ఉండిపోతాయి. డబ్బులు పంచేటప్పుడు కీబోర్డుకి ఎక్కువ, ప్యాడ్స్‌కి ఎక్కువ, ఆడ గొంతుకి మిగిలింది. (కీబోర్డు తమ్ముడూ నిన్ను కాదులే.) నేను మానేసింది మా అత్తగారి వల్ల కాదు. నాకే విసుగొచ్చింది. ఇన్నేళ్ళలో నన్ను ఎందుకు మానేశావని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు, ఎందుకు మానేసిందో వాళ్ళకి ముందే తెలిసినట్టు మాట్లాడతారు. మీ అత్తని అడుగు తమ్ముడూ, ఎందుకు మానేసిందో.

ట్రంకురోడ్డు కీబోర్డు
అక్కా మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా ట్రూప్‌లో ఇప్పుడు సమానంగా ఇస్తున్నాం. ఇప్పుడు ట్రూప్‌లే లేవనుకో, ఒక ల్యాప్‌టాప్, మైనస్ ట్రాక్ (గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉండే రికార్డు), ఇద్దరు సింగర్లు, అంతే ప్రోగ్రాం. తబలా ఆయన ఆటో నడుపుతున్నాడు.

కావలి_కుర్రోడు
రజని అక్క రాసింది అత్తకి చదివి వినిపించా. మొత్తం విని "ఆ అమ్మాయి ఎవరో నాకు తెలుసేమో, పొదిలిలో ఒకసారి కలిసి పాడినట్టుండాం" అనింది, తను ఎందుకు మానేసిందో మాత్రం చెప్పలా, లేచి కూర తిరగమోత పెట్టడానికి పొయ్యింది. నేను మళ్ళీ అడగలా.

ప్రాక్టీసు సంగతి. డాక్టర్ గారు చెప్పిన స్ట్రా మొదలుపెట్టింది. స్టీలు గ్లాసులో నీళ్ళు, మా చెల్లెలి కొడుకు కూల్‌డ్రింకులో పెట్టుకునే స్ట్రా, పెరట్లో కొళాయి పక్కన చిన్న పీట మీద కూర్చుని ఊఊ అంటా ఉంటే ఆ పిలకాయ వచ్చి జేజీ నాకూ పొయ్యి అని గొడవ. బుడగలు ఒకే మాదిరి వస్తా ఉంటే శృతి నిలిచినట్టు, గబగబా ఎక్కువైతే గాలి ఎక్కువ వదిలినట్టు, అది తనే కనిపెట్టింది. మొదట్లో పై షడ్జమం, అంటే పై 'స' దగ్గర బుడగలు టక్కున ఆగిపొయ్యేయి, అక్కడ గొంతు మూసుకుపోతా ఉండాదని నాకు చూపించింది. ఇప్పుడు ఆ చోటు దాటతా ఉండాది, కానీ హాయి హాయిగా ఒరిజినల్ శృతిలో రెండో చరణం దగ్గర దగ్గు వచ్చి ఆగిపోయింది. ఫోన్లో రికార్డు చేసి వినిపించా. మొహం చిట్లించి "ఇది నేను కాదు" అంది, కాసేపాగి "తగ్గించు" అంది.

సపోటా అన్న రాసింది కూడా వినిపించా. "అతను చెప్పింది కరెక్టే, జాలి చప్పట్లు నాకొద్దు. శృతి పోతే పోయిందని మొహం మీద చెప్పమను, అతన్ని పందిట్లో ముందు వరసలో కూర్చోబెట్టు" అనింది.

ఉలవపాడు_సపోటా
వస్తా. మజ్జిగ, పానకం ఉంటే వస్తా.

దొడ్డవరం మాస్టారు
అత్తగారికి ఒక సంగతి చెప్పబ్బాయ్. జిక్కి గారు మురారిలో పాడేటప్పుడు ఆవిడకి ఇంచుమించు 65 ఏళ్ళు. ఏరువాక నాటి గొంతు కోసం పాకులాడలేదు, ఆ పాటకి కావాల్సిందే వయసున్న గొంతు. సీతారాముల పెళ్ళి ముచ్చట చెప్పాలంటే ఇంట్లో పెద్దదిక్కు చెప్పినట్టు ఉండాలి, పక్కన చిన్నవాళ్ళ గొంతులు ఉన్నాయి కనక అది ఇంకా తెలుస్తుంది. మణిశర్మ గారికి ఆ ఆలోచన ఎట్లా వచ్చిందో గానీ గొప్ప ఆలోచన. దానికి ముందు ఆవిడ పడ్డదీ తక్కువేం కాదు, 1989 ఏప్రిల్‌లో రాజా గారు కచేరీకి పోతూ తమిళనాడులో వళ్ళియూర్ స్టేషన్‌లో రైలు కింద పడి చనిపోయారు, అదే ఏడు ఇళయరాజా తమిళంలో మనోతో కలిపి ఆవిడతో పాడించారు. 2004లో ఆవిడ పోయేదాకా గొంతు మూగబోలేదు. శ్రీరామనవమి పందిట్లో ఇంతకన్నా తగ్గ పాట ఏముంటుంది? హాయి హాయిగా తర్వాత చూసుకోవచ్చు.

పొగతోట_పిల్ల
అన్నా నాకో ఐడియా. ఆ పాటకి మూడు గొంతులు కదా. నేను, మా ఫ్రెండ్ ఇద్దరం నెల్లూరు నుంచి వస్తాం, కావలి ఎంత దూరం. సునీత గారి బిట్స్ నాకు మొత్తం వచ్చు. ఆంటీ జిక్కి గారి బిట్స్ పాడతారు. ఓకేనా?

కావలి_కుర్రోడు
అడిగా. "పిల్లల్ని రమ్మను, కానీ నాకన్నా గట్టిగా పాడకూడదని చెప్పు" అనింది 😂

ట్రంకురోడ్డు కీబోర్డు
నేనే వచ్చి వాయిస్తా, ట్రాక్ వద్దు. ట్రాక్ అయితే ఆవిడ ఊపిరి కోసం ఆగినా అది ఆగదు, మనిషి వాయిస్తే ఆగొచ్చు. ఆటో తబలా ఆయన్ని కూడా పట్టుకొస్తా. మానిటర్ స్పీకర్ ఒకటి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టించు, తన గొంతు తనకి వినపడకపోతే ఎవరైనా అరుస్తారు. ఎకో తక్కువ. సౌండ్ వాడు పందిట్లో ఎకో తిప్పేసి గుహలో పాడినట్టు చేస్తాడు, వాడికి ముందే గట్టిగా చెప్పు.

మూలాపేట మురళి
నవమి అయిపొయ్యిందిగా, ఎవరూ రాయరేందబ్బా? ఎట్టా జరిగింది?

పొగతోట_పిల్ల
నేను రాస్తా. ముందు ఏరువాకా పాడారు ఆంటీ. మొదటి లైను కొంచెం తడబడ్డారు, చెయ్యి మైకు స్టాండ్‌ని గట్టిగా పట్టుకున్నారు, వేళ్ళు తెల్లబడేంతగా. తర్వాత తబలా అంకుల్ దరువు అందుకోగానే ఆ చెయ్యి వదిలేసి తాళం వెయ్యడం మొదలుపెట్టారు, ఇంక ఆపలేదు. అలనాటి రామచంద్రుడులో మేము ముగ్గురం. నేను నా బిట్‌లో స్పీడు పెంచేశా, ఆంటీ నావైపు చూడకుండానే చెయ్యి కిందికి ఊపి తగ్గించారు. స్టేజి అంటే ఏంటో నాకు ఆ సెకనులో తెలిసింది. తర్వాత మైకు నుంచి ఎంత దూరంలో నిలబడాలో, గట్టిగా పాడేటప్పుడు తల ఎంత వెనక్కి జరపాలో కూడా చూపించారు. ఫోన్లో పాడుకునే స్మ్యూల్ యాప్‌లో ఇవన్నీ ఎవరు చెప్తారు.

ఉలవపాడు_సపోటా
వెళ్ళా. ముందు వరసలోనే కూర్చున్నా. ఏరువాక బాగుంది, బాగుంది అంటే బాగుందనే. రెండో పాటలో చివరికొచ్చేసరికి ఒకచోట శృతి దిగింది, దిగిందని ఆమెకి తెలిసింది, వెంటనే సర్దుకుంది. కిందికి దిగినాక మొహం మీదే చెప్పా. "నువ్వేనా సపోటా" అని రెండు వడపప్పు పొట్లాలు ఇచ్చింది. జాలితో చప్పట్లు కొట్టినోళ్ళు ఉండారు పందిట్లో, నేను కాదు. టీవీ షోల మీద నా మాట మాత్రం మారలా.

రజని_ఆర్కెస్ట్రా
వీడియో పెట్టండమ్మా ఎవరన్నా. తమ్ముడూ, పొదిలిలో కలిసి పాడింది నాతోనే. గుర్తొచ్చిందని చెప్పు.

కావలి_కుర్రోడు
వీడియో అప్‌లోడ్ అవతా ఉండాదక్కా, నెట్ స్లో. అత్తకి నీ నంబరు కావాలంట, మెసేజి పెట్టు.

హాయి హాయిగా మాత్రం పాడలేదని ఇప్పటికీ గొణుగుతా ఉండాది. మగ గొంతు దొరకలా. మా బాబాయి పాడతానన్నాడు, ఒక్కసారి విని వద్దనింది.

సింగరాయకొండ బుజ్జి
ఇప్పుడే మొత్తం చదివా. మా ఊళ్ళో దసరాకి అమ్మవారి గుడి దగ్గర ప్రోగ్రాం పెట్టిద్దామనుకుంటున్నాం. పెద్దమ్మగారు వస్తారా? మా కమిటీ చిన్నది, శాలువా కప్పి సన్మానం చేస్తాం.

కావలి_కుర్రోడు
బుజ్జి అన్నా అడిగా. శాలువాలు ఇంట్లో చాలా ఉండాయంట, రెమ్యూనరేషన్ ముందు మాట్లాడుకోమనింది. కీబోర్డు అన్నకి ఎంతో తనకీ అంతే. రానుపోను కారు, రాత్రి పదికల్లా స్టేజి దిగిపోవాలి, చీటీలు స్టేజి మీదికి రాకూడదు, కావాల్సిన పాటలు ముందే కమిటీకి చెప్పాలి. రజని అక్క కూడా వస్తే ఇద్దరూ కలిసి పాడతారంట, అక్కకీ అదే రేటు. హాయి హాయిగాకి మగ గొంతు మాత్రం మీరే చూసుకోవాలి, మూడు తగ్గించిన శృతిలో అడుగు సంగతులు వినపడేట్టు పాడేవాడు కావాలి, మీ సింగరాయకొండలో ఎవరన్నా ఉండారా?

సింగరాయకొండ బుజ్జి
టంగుటూరులో ఒక మాస్టారు ఉన్నాడు, ఘంటసాల గారి పద్యాలు పాడతాడు, కింది స్థాయి బాగా మోగుద్ది. కాకపోతే మనిషి కొంచెం కోపిష్టి.

కావలి_కుర్రోడు
అత్త కూడా అంతే. నంబరు పంపు.